సర్కారు తుమ్మ వచ్చింది, జమ్మి ఎటు పోయింది? అలంపూర్ నుంచి మన చెట్ల చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ అలంపూర్ నుంచి. నా వెనకాల కనిపిస్తున్నవి నవబ్రహ్మ ఆలయాలు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిదో శతాబ్దాల్లో కట్టించారు. పక్కనే తుంగభద్ర. ఇక్కడ నది ఉత్తరం వైపు తిరిగి, కొంచెం ముందుకు పోయి కృష్ణలో కలుస్తుంది. రెండు నదుల మధ్య ఉన్న ఈ నేలను మనవాళ్ళు నడిగడ్డ అంటారు. జోగులాంబ అమ్మవారి దర్శనానికి వచ్చినవాళ్ళు ఈ గుళ్ళు చూస్తారు, నాలుగు ఫోటోలు తీసుకుంటారు, వెళ్ళిపోతారు. నేనూ చాలాసార్లు అదే పని చేశాను.

ఈసారి మాత్రం గుళ్ళ గురించి చెప్పడానికి రాలేదు. ఒక చిన్న ప్రశ్న పట్టుకుని వచ్చాను. ఇక్కడికి దగ్గర్లో కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది కదా, అది మొదట ఇక్కడ లేదు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు వస్తే ఆ చోటు మునిగిపోతుందని తెలిసి, గుడిని రాయి రాయిగా విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. పాపనాశం గుళ్ళు కూడా అట్లనే వచ్చాయి. ఏ రాయి ఏ రాయి మీద కూర్చోవాలో తేడా రాకుండా చూసుకుని కట్టారు. ఎంత పెద్ద పనో ఆలోచించండి. ఆ పని చేసినవాళ్ళకు దండం పెట్టాల్సిందే.

నా ప్రశ్న ఏంటంటే, ఆ గుళ్ళ చుట్టూ ఉన్న చెట్లు ఏమయ్యాయి? ఏటిగడ్డ మీద మద్ది, వావిలి, రావి, మారేడు ఉంటాయి కదా. వాటిని విప్పి మోసుకురాలేం. సరే, చెట్లు పోయాయి అనుకుందాం. మరి ఆ చెట్ల పేర్లు? ఏ ఆకు దేనికి పనికొస్తుంది, ఏ విత్తనం ఏ నెలలో ఏరాలి అనే తెలివి? అది రాయి కాదు కాబట్టి దానికి ఎవరూ లెక్క రాసుకోలేదు. ఈ ఎపిసోడ్ ఆ తెలివి గురించి. మన నేల మొక్కల్ని మన జనం కలిసికట్టుగా ఎట్లా నేర్చుకున్నారు, ఎక్కడ మర్చిపోయారు, మళ్ళీ ఎట్లా నేర్చుకుంటున్నారు. కథ కొంచెం పొడుగే. చివరిదాకా ఉండండి.

పండగే బడి

ఇవాళ "నేటివ్ ప్లాంట్ గార్డెనింగ్" అనే మాట బాగా వినిపిస్తోంది. మనది అనే మొక్కను మన పెరట్లో, మన వీధిలో పెంచడం. అమెరికాలో, కాలిఫోర్నియాలో దీనికోసం 1965లోనే ఒక సొసైటీ పెట్టుకున్నారు. కాలిఫోర్నియా నేటివ్ ప్లాంట్ సొసైటీ అంటారు. వాళ్ళేం చేస్తారు? అందరూ కలిసి నడుచుకుంటూ వెళ్ళి మొక్కల్ని గుర్తుపడతారు. విత్తనాలు ఏరుతారు, పంచుకుంటారు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు నేర్పుతారు. వినడానికి కొత్తగా ఉంది కదా?

ఇప్పుడు బతుకమ్మ పండగను ఒకసారి ఆ కంటితో చూడండి. పెత్రమాస నాడు మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు. పొద్దున్నే పిల్లలు, పెద్దలు గుంపుగా చేలగట్ల మీదికి, గుట్టల కిందికి పోతారు. తంగేడు ఎక్కడ పూసింది, గునుగు ఏ చేన్లో తెల్లగా నిలబడింది, కట్ల పువ్వు ఎక్కడ ఉంది, వెతుక్కుంటారు. ఎనిమిదేళ్ళ పిల్ల గన్నేరును పట్టుకొస్తే అవ్వ "అది కాదు బిడ్డా, ఇది" అని చూపిస్తుంది. ప్లాంట్ వాక్ అంటే ఇదే కదా! ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, తొమ్మిది రోజుల కోర్సు. ఏటేటా రివిజన్ కూడా ఉంది.

నడిగడ్డలో రాయలసీమ గాలి ఎక్కువ. తుంగభద్ర దాటితే కర్నూలే కాబట్టి పండగ తీరు ఊరూరికీ కొంచెం మారుతుంది. ఎక్కడికి పోయినా ఇంకో బడి మాత్రం ఉంటుంది. అది వినాయక చవితి పత్రి. 21 రకాల ఆకులు కావాలి. మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతం, దానిమ్మ, దేవదారు, మరువం, వావిలి, జాజి, దేవకాంచనం, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. నేను చూడకుండా చెప్పలేను, కాగితం పట్టుకునే చదువుతున్నాను. మా అవ్వ మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేది.

ఈ జాబితాలో ఒక గమ్మత్తు ఉంది. దేవదారు హిమాలయాల చెట్టు, మన దగ్గర పెరగదు. మిగతావన్నీ మన ఊళ్ళో, పెరట్లో, చేలగట్టు మీద, వాగు ఒడ్డున దొరికేవే. మద్ది కావాలంటే వాగు దాకా పోవాలి. జమ్మి కావాలంటే మెట్ట నేలకు పోవాలి. ఉత్తరేణి దిబ్బల మీద ఉంటుంది, పోతూ ఉంటే బట్టలకు గింజలు అంటుకుంటాయి. అంటే 21 ఆకులు తేవాలంటే ఊరి చుట్టూ ఉన్న అన్ని రకాల నేలల్లో కాలు పెట్టాల్సిందే. ఇవాళ మార్కెట్లో పత్రి కట్ట దొరుకుతుంది. అందులో ఏముందో అమ్మేవాళ్ళకూ తెలియదు, కొనేవాళ్ళకూ తెలియదు. పూజ అయిపోతుంది, నడక మాత్రం పోయింది. నడకతో పాటు నేర్చుకోవడమూ పోయింది.

తెలుగు పేరే శాస్త్రీయ నామం అయిన రోజులు

ఇక్కడ ఒక చరిత్ర ముక్క చెప్పాలి. మన జనానికి తెలిసిన ఈ పేర్లు ఎంత విలువైనవో మొదట గట్టిగా రాసిపెట్టింది ఒక స్కాట్లాండ్ డాక్టర్. పేరు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1781 నుంచి ఇప్పటి కాకినాడ జిల్లా సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేశాడు, మొక్కలు సేకరించాడు, భారతీయ చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళాడు. ఆయన పుస్తకం, కోరమండల్ తీరపు మొక్కలు, 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. 300 బొమ్మలు. మొక్క మొక్క దగ్గరా దాని తెలుగు పేరు రాసుకుంటూ పోయాడు. అప్పుడు తెలుగువాళ్ళను తెలింగాలు అనేవాళ్ళు.

ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పారు? ఊళ్ళో వైద్యులు, కట్టెలు కొట్టేవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు అయి ఉండాలి. వాళ్ళ పేర్లు పుస్తకం అట్ట మీద లేవు. కానీ వాళ్ళ మాట మిగిలింది. మన అడవుల్లో సోమి మాను అని ఒక చెట్టు ఉంటుంది, దాని బెరడు జ్వరానికి వాడేవాళ్ళు. సోమిద అని కూడా అనేవాళ్ళు. ఆ చెట్టు శాస్త్రీయ నామం ఇవాళ ప్రపంచమంతా సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. సోయ్‌మిడా అంటే మన సోమిదే. జర్మనీలో కూర్చున్న సైంటిస్టు కూడా ఆ చెట్టును మన ఊరి పేరుతోనే పిలవాలి. మన పిల్లలకు మాత్రం ఆ పేరు తెలియదు. నాకూ ఈ ఎపిసోడ్ కోసం చదివేదాకా తెలియదు, దాచుకోవడం ఎందుకు.

1877, కమలాపురం

ఇప్పుడు కథలో మలుపు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద కరువు. కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాలు అల్లాడిపోయాయి. లక్షల మంది చనిపోయారు. కట్టెలకు కూడా కరువే. అప్పట్లో అటవీ శాఖలో బెడ్డోమ్ అని ఒక అధికారి ఉండేవాడు. 1876లో ఆయన పైవాళ్ళకు ఒక ఉత్తరం రాశాడు. ఎండకు తట్టుకుని తొందరగా పెరిగే ఒక విదేశీ చెట్టు విత్తనాలు తెప్పించండి అని. 1877లో విత్తనాలు వచ్చాయి. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలు కడప జిల్లా కమలాపురంలో నేలలో పడ్డాయి.

ఆ చెట్టు మీ అందరికీ తెలుసు. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే గంటల తరబడి కనిపించేది అదే. చెరువు ఎండితే మొదట మొలిచేది అదే. శాస్త్రవేత్తలు ప్రోసోపిస్ జూలిఫ్లోరా అన్నారు. మన జనం ఏమన్నారు? సర్కారు తుమ్మ! ఎవరు తెచ్చారో పేరులోనే పెట్టేశారు. దేశం మొత్తం మీద ఈ చెట్టు మొదట అడుగుపెట్టిన చోటు మన తెలుగు నేలే అని రాసిన లెక్కలు చెబుతున్నాయి. ఇక్కడి నుంచి కర్నూలు దాటి, ఇంకొంచెం దక్షిణానికి పోతే కమలాపురం.

బెడ్డోమ్‌ను విలన్ చేయడం తేలిక. కానీ ఆయన చెట్ల మీద ప్రేమ లేనివాడేం కాదు. దక్షిణ భారత మొక్కల మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాశాడు. తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని పేరీత మొక్కకు సైకస్ బెడ్డోమి అని ఆయన పేరే పెట్టారు. అంటే మన మొక్కల్ని బాగా తెలిసిన మనిషే, కరువు చూసి తట్టుకోలేక, బయటి మొక్కను రమ్మన్నాడు. ఉద్దేశం మంచిదే. అడగాల్సింది ఒకటే మర్చిపోయారు. ఈ మెట్ట నేలలో ఎండకు తట్టుకునే చెట్టు ఇప్పటికే ఏదైనా ఉందా అని.

ఉంది. అదే జమ్మి.

ఇద్దరు చుట్టాలు

జమ్మి శాస్త్రీయ నామం ప్రోసోపిస్ సినరేరియా. సర్కారు తుమ్మ ప్రోసోపిస్ జూలిఫ్లోరా. ఇంటిపేరు ఒకటే చూశారా? దూరపు చుట్టాలన్నమాట. 2022లో శాస్త్రవేత్తలు మళ్ళీ పరిశీలించి, ఇవి అంత దగ్గరివి కావని సర్కారు తుమ్మను వేరే ప్రజాతిలోకి మార్చారు. ఇంటిపేరు మార్చేశారు, అంతే. ప్రోసోపిస్ అనే పేరు జమ్మికే మిగిలింది.

రెండింటి గుణాలు చూడండి. జమ్మి వేరు చాలా లోతుకు పోతుంది, మెల్లగా పెరుగుతుంది. దాని కింద పంట పండుతుంది. రాజస్థాన్‌లో జమ్మి చెట్ల మధ్యనే సజ్జ వేస్తారు. అక్కడ దాన్ని ఖేజ్‌డీ అంటారు, లేత కాయలు కూర వండుకుంటారు. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. 1730లో జోధ్‌పూర్ రాజుగారి మనుషులు ఖేజడ్లీ ఊళ్ళో ఆ చెట్లు కొట్టడానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయ్ ఇల్లాలు చెట్టును కావలించుకుని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనక మొత్తం 363 మంది. ఆ చెట్టూ మన దసరా జమ్మీ ఒకటే. పాండవులు ఆయుధాలు దాచారని మనం మొక్కే చెట్టు అదే.

సర్కారు తుమ్మ సంగతి వేరు. ఆకు చేదు, పశువు ముట్టదు. కాయ తియ్యన, మేకలు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు, పైగా కడుపులోంచి బయటికొచ్చేసరికి మొలకెత్తడానికి రెడీగా ఉంటుంది, పక్కనే ఎరువు కూడా. మేక ఎక్కడిదాకా నడిస్తే అక్కడిదాకా చెట్టు నడిచింది. దాని కింద ఇంకో మొక్క లేవడం కష్టం. చెరువులు, వాగులు, బీళ్ళు అన్నీ అదే ఆక్రమించింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. పాలమూరు అంటే కరువు, వలస. బొంబాయికి, దుబాయికి పోయిన జిల్లా. భూమి లేని ఇళ్ళల్లో పొయ్యి మండింది ఎన్నో ఏళ్ళు ఈ కంప కట్టెలతోనే. బొగ్గు కాల్చుకుని బతికినవాళ్ళు ఉన్నారు. కాబట్టి రేపే జేసీబీ తెచ్చి పీకేద్దాం అనేది ఏసీ గదిలో మాట. పీకిన చోట ఏం పెట్టాలి, ఆ పొయ్యికి కట్టె ఎక్కడిది, ఈ రెండూ ఆలోచించకుండా పీకితే మళ్ళీ అదే మొలుస్తుంది.

మళ్ళీ అదే తప్పు

చరిత్ర తెలిసుంటే రెండోసారి తప్పు చేయం అనుకుంటాం. చేశాం.

2014 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చెట్టుగా జమ్మిని, రాష్ట్ర పువ్వుగా తంగేడును ప్రకటించింది. చాలా బాగుంది. 2015 జులై 3న హరితహారం మొదలైంది. కోట్ల మొక్కలు నాటారు, ఊరూరికీ నర్సరీ పెట్టారు. అది చిన్న విషయం కాదు. గ్రామ పంచాయతీలో మొక్కలు పెంచడం అనే పని చాలామందికి అప్పుడే అలవాటైంది. కానీ రోడ్ల మధ్యలో, ఆఫీసుల ముందు ఎక్కువగా కనిపించింది జమ్మి కాదు, తంగేడు కాదు. కోనోకార్పస్. పచ్చగా, గుబురుగా, కత్తిరిస్తే గోడలాగా నిలబడుతుంది. నీళ్ళు తక్కువైనా చావదు. సముద్ర తీరాల నుంచి వచ్చిన మొక్క. మన పక్షులకు, తేనెటీగలకు పెద్దగా పనికిరాదు. వేళ్ళు పైపుల్లోకి పోతాయని, పుప్పొడితో అలర్జీ వస్తుందని ఫిర్యాదులు వచ్చాయి. అలర్జీ విషయంలో శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా ఉంది. 2022లో తెలంగాణ పంచాయతీరాజ్ శాఖ ఈ మొక్క ఇక నాటొద్దని చెప్పింది. 2023లో గుజరాత్ కూడా ఆపేసింది.

నేనూ ఇందులో దోషినే. కొన్నేళ్ళ క్రితం ఒక బడిలో మొక్కలు నాటే కార్యక్రమానికి పిలిచారు. చక్కగా సెల్ఫీ తీసుకుంటూ నాలుగు మొక్కలు నాటాను. అవి ఏ మొక్కలు అని అడగలేదు. తర్వాత ఫోటో చూసుకుంటే అన్నీ కోనోకార్పసే. బతికాయి కూడా, బాగా పెరిగాయి! మొక్క నాటితే చాలు అనుకున్నాను. ఏ మొక్క, ఈ నేలలో దానికి ఎవరెవరితో స్నేహం, అని అడగాలని నాకు ఎవరూ నేర్పలేదు. 1876లో మర్చిపోయిన ప్రశ్నే నేనూ మర్చిపోయాను.

పాలమూరు మళ్ళీ నేర్చుకున్న పాఠాలు

ఇప్పుడు మంచి కబుర్లు. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి ఉంది. దాదాపు ఏడు వందల ఏళ్ళదని చెప్పుకుంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఒక మర్రి పిల్లల్ని పెట్టుకుంటూ పోయి ఊరంత అయింది. 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే లోపల చెదలు తినేశాయి. జనం ఊడల మీద ఎక్కి ఊగీ ఊగీ, చుట్టూ నేల గట్టిపడిపోయింది. సందర్శకుల్ని ఆపేశారు. 2018లో అటవీ శాఖవాళ్ళు ఆసుపత్రిలో పేషెంటుకు పెట్టినట్టే చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీశారు. చెదల మందు నీళ్ళలో కలిపి చుక్క చుక్కగా ఎక్కించారు. కొమ్మలకు కింద దన్ను కట్టారు. ఊడలు నేలలో దిగేదాకా వాటికి పైపులు పెట్టి, మంచి మట్టి పోసి కాపాడారు. గుడిని రాయి రాయిగా విప్పి కాపాడినట్టే, ఇక్కడ చెట్టును ఊడ ఊడగా కాపాడారు. కావాలనుకుంటే చెట్టుకూ అంత పని చేయగలం అని పాలమూరు చూపించింది.

రెండోది విత్తన బంతులు. మట్టి, ఎరువు కలిపి మధ్యలో గింజ పెట్టి లడ్డూలాగా చుట్టి ఎండబెట్టడం. వానకాలం ముందు గుట్టల మీద విసిరేస్తే, వాన పడ్డప్పుడు అదే మొలుస్తుంది. ఈ పద్ధతిని మన కాలంలో ప్రపంచానికి గుర్తుచేసింది జపాన్ రైతు మసనోబు ఫుకువోకా. ఆయన పుస్తకం తెలుగులో "గడ్డిపరకతో విప్లవం" పేరుతో ఉంది. 2021లో మహబూబ్‌నగర్ జిల్లా స్వయం సహాయక సంఘాల మహిళలు పది రోజుల్లో రెండు కోట్లకు పైగా బంతులు చుట్టారు. విషయం గిన్నిస్ దాకా వెళ్ళింది.

రికార్డు సంగతి పక్కన పెట్టండి. విసిరిన బంతులన్నీ చెట్లు కావు. ఎండకు కొన్ని పోతాయి, చీమలు, ఎలుకలు కొన్ని తింటాయి, మొలిచినవి కొన్ని మేకలు కొరుకుతాయి. నాకు నచ్చింది వేరే. కోట్ల గింజలు కావాలంటే ఎవరో ఒకరు ఎండాకాలంలో చెట్ల కిందికి పోయి గింజలు ఏరాలి కదా. ఏ చెట్టు, ఏ నెల, కాయ ఎంత ముదరాలి, ఇదంతా మళ్ళీ మాటల్లోకి వచ్చింది. ఆ పది రోజుల్లో నిజంగా మొలిచింది ఆ మాట అని నాకనిపిస్తుంది.

ఇంకొంచెం దూరం పోతే జహీరాబాద్. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు రెండు దశాబ్దాలకు పైగా సంక్రాంతికి పాత పంటల జాతర చేస్తున్నారు. ఎడ్లబండ్ల మీద రకరకాల విత్తనాలు అలంకరించుకుని ఊరూరూ తిరుగుతారు. విత్తనం అప్పుగా తీసుకుంటే పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి ఇవ్వాలి. దళిత మహిళలు, చదువు లేని రైతులు నడిపిన విత్తన బ్యాంకు అది. చేలల్లో తనంతట తాను మొలిచే ఆకుకూరలకు కూడా అక్కడ గౌరవం ఉంది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వాళ్ళకు వచ్చింది.

గునుగు ఏమవుతోంది?

ఇప్పుడు అసలు బాధ. గునుగు పువ్వు జొన్న, కంది, పల్లి చేలల్లో కలుపుగా మొలుస్తుంది. కలుపుమందు కొడితే మొదట పోయేది అదే. రైతును తప్పుపట్టలేం, కూలి ఖర్చు అంత పెరిగింది. తంగేడు బీళ్ళల్లో, గుట్ట అంచుల్లో ఉంటుంది. బీడు వెంచర్ అయితే తంగేడు పోతుంది. తర్వాత పండగకు రోడ్డు పక్కన తంగేడు కట్ట కొనుక్కోవాలి. ఏటా వేల కట్టలు కొమ్మలతో సహా నరికి తెస్తే, గింజ కట్టే పువ్వు ఎక్కడ మిగులుతుంది? బతుకమ్మ అంటేనే బతుకు. పువ్వే బతకకపోతే పాట దేనికి?

గమ్మత్తు ఏంటంటే మనం కలుపు అంటున్న గునుగును నైజీరియాలో మళ్ళు చేసి పెంచుతారు. యోరుబా వాళ్ళు సోకో అంటారు, రోజూ తినే ఆకుకూర. మన అవ్వలు కూడా లేత గునుగాకు వండేవాళ్ళు. అదే మొక్క, ఒక చోట కూర, ఒక చోట దేవత, ఒక చోట కలుపు. తెలిసినవాడి చేతిలో మొక్క విలువ మారిపోతుంది.

ఫోన్ ఉన్నవాళ్ళు చేయగలిగింది

మీ ఊరికి ఒక రిజిస్టర్ ఉండాలని మీకు తెలుసా? 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్ళో ఉన్న చెట్లు, పంటలు, పశువులు, వాటి గురించి జనానికి తెలిసిన విషయాలు ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. చట్టం వచ్చి ఏళ్ళు గడిచినా పని నడవకపోతే జాతీయ హరిత ట్రైబ్యునల్ గడువు పెట్టింది. 2020 జనవరి దాటితే రాష్ట్రాలు జరిమానా కట్టాలంది. దాంతో దేశమంతా పరుగులు పెట్టి రెండున్నర లక్షలకు పైగా రిజిస్టర్లు తయారుచేశారు. పరుగుల్లో రాసినవి ఎట్లా ఉంటాయో మీరే ఊహించుకోండి. కాబట్టి మొదటి పని, పంచాయతీ ఆఫీసుకు పోయి, సెక్రటరీ గారిని మర్యాదగా అడిగి, మీ ఊరి రిజిస్టర్ చూడండి. మీ అవ్వకు తెలిసిన మొక్క అందులో లేకపోతే రాయించండి. గుడి రాళ్ళకు లెక్క రాసుకున్నాం కదా. ఇది చెట్లకు లెక్క రాసే పుస్తకం.

రెండోది, ఒక ఆదివారం ఊళ్ళో పెద్దవాళ్ళతో చెరువు కట్ట దాకా నడవండి. ఫోన్‌లో ఫోటో తీయండి, వాళ్ళు చెప్పే పేరును వాళ్ళ గొంతుతోనే రికార్డు చేయండి. యాప్‌లు శాస్త్రీయ నామం చెబుతాయి, మీ ఊరి పేరు చెప్పవు. ఒక మాట, ఏ ఆకునూ యాప్ చెప్పిందని నోట్లో పెట్టకండి. ఉమ్మెత్త, గన్నేరు విషం.

మూడోది విత్తనాలు. దసరా అయ్యాక గునుగు కంకులు ఎండుతాయి. అరచేతిలో నలిపితే నల్లటి సన్న గింజలు రాలుతాయి. ఒక కవర్‌లో పేరు, ఊరు, తేదీ రాసి పెట్టుకోండి. వానకాలంలో ఇంటి ముందు చల్లితే చాలు. తంగేడు గింజ పైపొర గట్టిది. వేడినీళ్ళలో వేసి, చల్లారాక రాత్రంతా నాననిచ్చి పెడితే తొందరగా మొలుస్తుంది. జమ్మి కాయలు ఎండాకాలంలో పండుతాయి, ఆ గింజనూ నానబెట్టే పెట్టాలి. జమ్మి మెల్లగా పెరుగుతుంది, ఓపిక పట్టాలి. 2021లో గ్రీన్ ఇండియా ఛాలెంజ్ వాళ్ళు ఊరూరికీ, గుడి గుడికీ జమ్మి చెట్టు అని ఒక కార్యక్రమం పెట్టారు. మీ ఊళ్ళో అప్పుడు నాటిన జమ్మి ఉంటే ఒకసారి పోయి చూడండి. బతికి ఉందా? చుట్టూ కంచె ఉందా? నాటినవాళ్ళకంటే నీళ్ళు పోసినవాళ్ళే ఎక్కువ అవసరం.

నాలుగోది, దసరాకు జమ్మి ఆకు బంగారం అని ఇచ్చిపుచ్చుకుంటాం కదా. చెట్టు కొమ్మలు విరిచి దూసేయకుండా రెండు రెమ్మలు చాలు అనుకుందాం. ఈసారి ఆకుతో పాటు చిన్న పొట్లంలో రెండు జమ్మి గింజలు ఇవ్వండి. పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కి, చేతిలో గింజలు పెడితే ఎవరు కాదంటారు? వాళ్ళకు ఆ గింజ చూస్తే ఏదో ఒక కథ గుర్తొస్తుంది. ఆ కథ వినండి. మనకు కావాల్సింది అదే.

చూడండి, పొద్దు గూకుతోంది. గుళ్ళ మీద ఎండ ఎర్రగా పడుతోంది. ఈ రాళ్ళు పదమూడు వందల ఏళ్ళు నిలబడ్డాయి. నిలబడ్డది వాటి బలం వల్లనే కాదు. మునిగిపోతాయి అనుకున్న రోజున వాటి పక్కవాటిని కొంతమంది చేతుల మీద మోసుకొచ్చారు. చెట్టును మోయాలంటే క్రేన్ అక్కర్లేదు. గింజ జేబులో పడుతుంది, పేరు నోట్లో పడుతుంది. ఆ రెండూ మీరు మోసుకుపోతే చాలు.

మీ ఊళ్ళో మీకు మాత్రమే తెలిసిన మొక్క పేరు ఒకటి ఉంటే, అది మీకు ఎవరు నేర్పారో కూడా కలిపి రాయండి. నేను ప్రతి ఒక్కటీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం.